నీలోఫర్ గేటు ముందు

హైదరాబాదు నాంపల్లి స్టేషనులో దిగి రెడ్‌హిల్స్ వైపు కొద్దిసేపు నడిస్తే నీలోఫర్ ఆసుపత్రి వస్తుంది. దారి పొడవునా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలే. తల్లి భుజాన శిశువు, తండ్రి చేతి సంచిలో ఎక్స్‌రేలు, వెనుక అన్నం డబ్బాతో నానమ్మ. బురఖా ధరించినవారూ, తండాల నుంచి వచ్చిన లంబాడీ తల్లులూ ఒకే వరుసలో నిలబడతారు.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండవ కోడలు, తుర్కీ రాజవంశపు నీలోఫర్ పేరిట 1953లో వెలసిన ఆసుపత్రి ఇది. ఆమె పరిచారిక ఒకామె ప్రసవ సమయంలో మరణించగా, ఆ దుఃఖం నుంచే ఈ సంకల్పం పుట్టిందని నగరంలో చెప్పుకుంటారు. ఆ రాకుమారికి సంతానం లేదు.

గేటు ఎదుటి టీ బండి వద్ద మాటలన్నీ చివరకు ఒకే ప్రశ్నకు చేరతాయి: ఆపరేషన్ ఎక్కడ చేయించాలి? నారాయణపేట నుంచి వచ్చిన ఒక తండ్రికి అదే చింత. మూడేళ్ల కూతురి గుండెలో రంధ్రం ఉంది. "ఈ జనాన్ని చూస్తేనే భయమేస్తోంది చాచా. మా బావ అద్దాల మేడలాంటి ఆసుపత్రి ఒకటి చెబుతున్నాడు" అన్నాడు. పక్కనున్న పెద్దాయన నెమ్మదిగా, "ఆ మేడలో పసిపిల్లల గుండెకు ఆపరేషన్ చేసేవారున్నారా బేటా? అడిగావా?" అన్నారు. అతడు అడగలేదు.

ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో ఒక ఉదంతం ఉంది. గాయపడిన వ్యక్తి వద్దకు ఇద్దరు వైద్యులు రాగా, మీలో వైద్యం బాగా తెలిసినవారెవరని దైవప్రవక్త (స) విచారించారు. డాక్టరును ప్రశ్నించడం అమర్యాద అని జంకే మన తల్లిదండ్రులకు ఇంతకు మించిన ధైర్యం ఏం కావాలి?

గుండెలోని రంధ్రాలన్నీ ఒకటి కావు. చిన్నవి చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. కొన్నింటిని ఛాతీ కోయకుండా, తొడ వద్ద రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి మూస్తారు. పెద్ద రంధ్రాన్ని ఏళ్లతరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు దెబ్బతిని, ఒక దశ దాటాక ఆపరేషన్‌కే అవకాశం ఉండదు. అందువల్ల ఆసుపత్రి కంటే ముందు వెతకవలసింది పిల్లల గుండె నిపుణుణ్ణి. ఎంత కాలం ఆగవచ్చో ఆయన చెబితే, మరొక నిపుణుని అభిప్రాయం కూడా తీసుకునే వ్యవధి ఉందో లేదో తెలుస్తుంది.

తరువాతి ప్రశ్నలు భవనం గురించి కావు. ఇదే ఆపరేషన్ ఇదే వయసు పిల్లలకు ఇక్కడ ఏటా ఎన్ని చేస్తారు? మత్తు ఇచ్చే డాక్టరుకు పసివాళ్లతో అనుభవం ఉందా? నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి: ఆపరేషన్ జరిగిన రాత్రి పిల్లల ఐసీయూలో ఎవరుంటారు? కుట్లు బాగానే పడినా, ఆ తరువాతి గంటలలో పసిదేహం ఊపిరి, రక్తపోటు చూసేవారి మెలకువపైనే చాలా ఆధారపడి ఉంటుంది. రద్దీ అసౌకర్యమే గాని అసమర్థతకు గుర్తు కాదు. అద్దాలూ సమర్థతకు గుర్తు కావు. ప్రైవేటులోనూ ఎంతో నిపుణులున్నారు, వారినీ ఇవే ప్రశ్నలడగాలి.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలైంది. అయితే ఆసుపత్రి బోర్డుపై ఆ పేరు ఉన్నంత మాత్రాన అక్కడ అన్ని చికిత్సలూ వర్తించవు. మన బిడ్డకు కావలసిన ఆపరేషన్‌కు అనుమతి ఉందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రనే అడగాలి, అదీ అడ్వాన్సు కట్టకముందే.

పెద్దాయన పంజాగుట్టలోని నిమ్స్‌లో కూడా విచారించమని చెప్పి, చీటీ వెనుక ఈ ప్రశ్నలు రాయించారు. చివరి ప్రశ్న మాత్రం ఆ తండ్రే చేర్చాడు: తరువాతి పరీక్షలకు ఎన్నిసార్లు రావాలి? నారాయణపేట నుంచి వచ్చిన ప్రతిసారీ అతడికి ఒక రోజు కూలీ పోతుంది మరి.