అక్క పుస్తకం పడితే

ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ రాసినోళ్లందరికీ 'స్టార్వేషన్' గుర్తుండే ఉంటుంది. ప్రాసెసర్ ఒక్కటే, దాని ముందు లైన్లో పనులు బోలెడు. ముఖ్యమైన పని వస్తే ముందుకు దూకుతుంది. దాని వెనక ఇంకో ముఖ్యమైనది వచ్చి అదీ దూకుతుంది. చివర్న నిలబడ్డ తక్కువ ప్రయారిటీ పనికి వంతే రాదు. దాన్ని ఎవరూ లైన్లోంచి తీసెయ్యలేదు, వద్దని కూడా అనలేదు. నిలబడే ఉంటుంది, అంతే. మొన్న దసరా సెలవుల్లో పది రోజులు మా అక్క ఇంట్లో ఉన్నాను. ఆ ఇంట్లో అట్లా నిలబడి ఉన్నది ఒక నర్సింగ్ గైడు. నీలం అట్ట, నలిగిన మూలలు, గుర్తుకోసం మధ్యలో పెట్టిన రంగు పెన్సిలు. నేను వెళ్లిన రోజు ఆ పెన్సిలు 112వ పేజీలో ఉంది. ఐదో రోజు కూడా 112లోనే ఉంది.

మాది కరీంనగర్. అక్క వాళ్లది గోదావరి అవతల, మంచిర్యాల పక్కన శ్రీరాంపూర్. ఇప్పుడది మంచిర్యాల జిల్లా, 2016 అక్టోబర్ దాకా ఆదిలాబాద్ జిల్లా. మా అమ్మ ఇప్పటికీ "పిల్లను ఆదిలాబాద్ జిల్లకిచ్చిన" అనే చెప్తది, దేశం దాటించినట్టు. నిజానికి పెద్దపల్లి, గోదావరిఖని దాటి బ్రిడ్జి ఎక్కితే వచ్చేసినట్టే.

బావ సింగరేణిలో పని చేస్తాడు. అక్క ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పిల్లలు ముగ్గురు. పెద్దది ఒకటో తరగతి, నడిపిది ఎల్‌కేజీ, చిన్నోడికి పదమూడు నెలలు. బావ వాళ్లమ్మ, అంటే నాకు అత్తమ్మ, వాళ్ల చర్చిలో స్త్రీల కూడికలకు పెద్ద దిక్కు. బావ షిఫ్టు వారం వారం మారుతుంది, అక్క డ్యూటీ మూడు రోజులకోసారి మారుతుంది, అత్తమ్మ కూడికలు మాత్రం మారవు. మంగళవారం స్త్రీల కూడిక, గురువారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం ఆదివారానికి తయారీ. మన కాలేజీ టైమ్ టేబుల్ దీనిముందు దిగదుడుపే.

2024 సెప్టెంబర్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. పరీక్ష నవంబర్‌లో. అక్కకు ఇది రెండో అవకాశం. అంతకుముందు 5,204 పోస్టులకు 2023 ఆగస్టు 2న పరీక్ష జరిగినప్పుడు చిన్నోడు కడుపులో ఉన్నాడు, ఎనిమిదో నెల. హాల్ టికెట్ తీసుకుంది కానీ పోలేకపోయింది. ఆ పోస్టులు తర్వాత పెంచితే ఏడు వేలు దాటాయి. అక్కతో చదివిన ఇద్దరికి వచ్చాయి. ఆ సంగతి అక్క చెప్పదు. వాళ్ల స్టేటస్ ఫొటోలు చూసేటప్పుడు వేలు కాసేపు స్క్రీన్ మీదే ఆగుతుంది, అంతే.

పొద్దున ఐదున్నరకు కుటుంబ ప్రార్థన. ఒక కీర్తన, ఒక అధ్యాయం, తర్వాత వరసగా అందరి ప్రార్థన. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఎట్లుంటుందో చెప్పాలి. పెద్దది కళ్లు మూసుకుని చెల్లె కళ్లు మూసుకుందా లేదా అని చూస్తుంటది. "బాపమ్మా, ఇది కండ్లు తెరిచింది." "నీకెట్ల తెలిసిందే?" అని అత్తమ్మ ప్రార్థన మధ్యలోనే అడుగుతది. నడిపిది ప్రార్థన మాత్రం వినాల్సిందే. మమ్మీ, డాడీ, బాపమ్మతో మొదలై డాడీ హెల్మెట్ మీద లైటు, పక్కింటి మేకపిల్ల, స్కూల్ ఆటో డ్రైవర్ అంకుల్ వాళ్ల కొత్త ఫోను దాకా అందర్నీ దీవించమంటది. నేను వెళ్లినంక నా బ్యాక్‌లాగ్ కూడా ఆ లిస్టులో చేరింది. ఈలోపు చిన్నోడు బైబిలు దగ్గరికి పాక్కుంటూ పోతాడు. అత్తమ్మ బైబిలులో లేవీయకాండం రెండు పేజీలు వాడి కడుపులోనే ఉన్నాయట. ఆమెన్ అనగానే అక్క వంటింట్లోకి ఉరుకుతది. టిఫిన్ బాక్సులు మూడు, పాలు, జడలు, బెల్టు దొరకని యూనిఫాం. ఎనిమిదికల్లా తను డ్యూటీలో ఉండాలి.

ఒక రోజు సాయంత్రం నేను ఊరికే లెక్క రాశాను. 7.30కి అక్క పుస్తకం పట్టింది. 8.10కి మూసింది. ఈ నలభై నిమిషాల్లో పదిహేడు ఇంటరప్టులు. ఎరేజర్, నీళ్లు, బాత్రూం, నీళ్లు, "మమ్మీ ఇది గిల్లింది", చిన్నోడు చెప్పు నోట్లో పెట్టుకోవడం, అత్తమ్మకు బీపీ గోలీ, ఆసుపత్రి నుంచి "సిస్టర్, రేపు నైట్ చేస్తరా" అని ఫోను, మళ్లీ నీళ్లు. ఒక ఇంటరప్టు నాదే, చార్జర్ ఎక్కడుందని.

అయినా చదువు మొత్తం ఆగలేదు, అదే నాకు వింత అనిపించింది. చిన్నోణ్ని పడుకోబెట్టేటప్పుడు అక్క కీర్తన రాగంలో సెలైన్ లెక్కలు పాడుతది. వెయ్యి ఎంఎల్ సెలైను ఎనిమిది గంటల్లో ఎక్కాలి, సెట్టు డ్రాప్ ఫ్యాక్టర్ పదిహేను, నిమిషానికి ఎన్ని చుక్కలు? వెయ్యిని పదిహేనుతో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 31.25. నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపు గోడవైపు తిరిగి పడుకున్న పెద్దది "ముప్పై ఒకటి" అన్నది. దానికి భాగహారం రాదు. రోజూ వినీ వినీ జవాబు నోటికొచ్చేసింది.

మధ్యలో బతుకమ్మ రోజులు వచ్చాయి. కాలనీ ఆడవాళ్లందరూ తంగేడు, గునుగు పూలు ఏరుతుంటే పెద్దది గుమ్మం దగ్గర నిలబడి "మనమెందుకు ఆడం మమ్మీ?" అని అడిగింది. ఈ ప్రశ్న నేనూ చిన్నప్పుడు కరీంనగర్‌లో అడిగినదే. అప్పుడు మా బాపు "మనది వేరే" అని ఒక్క మాటలో తేల్చేశాడు. అక్క అట్లా తేల్చలేదు. "మనం మొక్కే దేవుడు వేరు బిడ్డా. పూలు, దోస్తులు అందరికీ ఒక్కటే. పోయి పూలు ఏరు" అని పంపింది. అత్తమ్మ ముఖం మాడ్చుకుంది కానీ ఏమనలేదు. సద్దుల రోజు రాత్రి పక్కింటి అక్క సత్తుపిండి తెచ్చి పెద్దదాని చేతిలో పెట్టింది. తిన్నదా, తిననిచ్చారా అనేది ఇక్కడ రాయను. ఒక్కో క్రైస్తవ కుటుంబంలో దీనికి ఒక్కో జవాబు ఉంటుంది, అందరికీ వాళ్ల జవాబే సరైందనిపిస్తుంది.

ఇక ఆదివారం. సింగరేణిలో వారపు సెలవును 'ప్లే డే' అంటారు. ఆ రోజు డ్యూటీ దొరికితే మామూలు రోజుకన్నా ఎక్కువ డబ్బులు. బావ దొరికిన ప్లే డే వదలడు. ఇంటి లోను, రెండు స్కూలు ఫీజులు ఉన్నాయి మరి. అట్లా ఆదివారం ముగ్గురు పిల్లల్ని తయారు చేసి, ఆటో ఎక్కించి, చర్చికి తీసుకుపోవడం అక్క పని. మా చర్చిల్లో వెనక గుమ్మం దగ్గర చాపల మీద కూర్చునేది ఎవరో చూడండి. అందరూ చంటిపిల్లల తల్లులే. పాట దాకా లోపల ఉంటారు. వాక్యం మొదలవగానే పిల్లలు కూడా మొదలుపెడతారు. ఎవరో వెనక్కి తిరిగి చూస్తారు. ఒక్కొక్కరే బయటికి వస్తారు. అక్క ఆరేళ్లుగా ప్రసంగాలు వేపచెట్టు కింద నుంచే వింటోంది, మైకు ఎంత వినిపిస్తే అంత.

ఆ ఆదివారం అయ్యగారు సుసన్నా వెస్లీ గురించి చెప్పారు. మన తెలంగాణ సీఎస్ఐ సంఘాల్లో చాలావాటి మూలాలు వెస్లియన్ మెథడిస్టు మిషన్లో ఉన్నాయి. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కూడా వాళ్లు కట్టిందే. ఆ మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి ఈ సుసన్నా. ఇల్లంతా పిల్లలు గోల చేస్తుంటే ఆమె ఏప్రాన్ ఎత్తి తలమీద కప్పుకుని ప్రార్థన చేసేదట. అమ్మ తలమీద ఏప్రాన్ ఉంటే పిల్లలు దగ్గరికి రాకూడదని లెక్క. "ఈ కాలం తల్లులకు టైం లేదంటరు. ఆమెకు పంతొమ్మిది మంది పిల్లలు!" అన్నారు అయ్యగారు. లోపలున్నవాళ్లు తలలూపారు. ఎవరి గురించి చెప్తున్నారో వాళ్లందరూ వేపచెట్టు కింద ఉన్నారు.

"ఏం చెప్పిండ్రా?" అని ఆటోలో అక్క అడిగితే చెప్పాను. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఇంకొంచెం చదివాను. పంతొమ్మిది మంది పుట్టింది నిజమే, బతికి పెద్దయింది పదిమందే. ఆమె వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించేది, గురువారం జాన్‌ది. 1709లో వాళ్ల ఇల్లు కాలిపోయింది. మంటల్లోంచి పసివాడు చార్లెస్‌ను ఎత్తుకుని బయటికి వచ్చింది ఆ ఇంటి ఆయా.

ఇది చదవగానే అక్క గరిటె పక్కన పెట్టింది.

"ఆగు ఆగు. ఆయా ఉన్నదా?"

"ఉన్నది."

"మరి అయ్యగారు గది చెప్పలేదేంది?"

పడీపడీ నవ్వింది. చున్నీ తీసి తలమీద కప్పుకుని గోడకానుకుని కూర్చుంది. అర నిమిషం కాలేదు, చున్నీ కిందికి మూడు తలకాయలు దూరాయి. నడిపిది "మమ్మీ, డేరా ఆటనా?" అని అడిగింది.

అత్తమ్మ మక్క గారెలకు పిండి పిసుకుతూ ఇదంతా చూసింది. ఆమె గురించి నాకు తెలిసింది తక్కువ. ముప్పై ఏళ్ల కింద భర్త నైట్ షిఫ్టులో ఉంటే ఒక్కతే ముగ్గుర్ని పెంచిందని, వాళ్లలో ఒకరు లేరని మాత్రం తెలుసు. ఆ రోజు ఏమనలేదు. మంగళవారం స్త్రీల కూడిక ఈ ఇంట్లోనే జరిగింది. ప్రార్థన అంశాలు అడిగే టైములో అత్తమ్మ లేచి, "మా కోడలు పరీక్ష రాస్తున్నది. ప్రార్థన చేయుండ్రి" అన్నది. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆమె ఇంకా కూర్చోలేదు. "ఉత్త ప్రార్థన కాదు. రోజుకొకరు సాయంత్రం ఆరింటికొచ్చి రెండు గంటలు పిల్లలను ఎత్తుకోండ్రి. పేర్లు చెప్పుండ్రి, పిలగాడు రాసుకుంటడు" అని నావైపు చూపించింది. నేను రికార్డు నోట్సు వెనక పేజీ చించి రాశాను. ఐదు పేర్లు వచ్చాయి. ఆరో రోజు పక్కింటి అక్క తీసుకున్నది, ఆమె కూడికకు రాదు, గోడమీంచి విన్నది. శుక్రవారం ఉపవాస ప్రార్థన అత్తమ్మ ఇంట్లోనే చేసుకుంటానన్నది, చిన్నోణ్ని ఒళ్లో పెట్టుకుని.

స్టార్వేషన్‌కి మన పుస్తకంలో మందు 'ఏజింగ్'. లైన్లో ఎంతసేపు నిలబడితే అంత ప్రయారిటీ పెంచుతూ పోవడం. పుస్తకంలో అది తనంతట తానే పెరుగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు లేచి పెంచాలి.

బావ అంత తొందరగా దిగలేదు. "ఆదివారాలు నన్ను కూసోమంటే ఎట్ల? పాస్ అయితే పోస్టింగ్ ఏడ పడ్తదో, అప్పుడు పిల్లలను ఎవరు చూస్తరు?" అన్నాడు. ఇది ఉత్త సాకు కాదు, ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. కానీ ఈసారి దసరాకి సింగరేణి లాభాల్లో 33 శాతం వాటా కార్మికులకిచ్చింది, సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలని పేపర్లో వచ్చింది. బావ వాటా ఎంతో నేను అడగలేదు. అక్క మాత్రం ఆ పేపర్ కటింగు మడిచి బావ టిఫిన్ బాక్సు మీద పెట్టింది. నాలుగు ప్లే డేల్లో రెండు వదులుకుంటానన్నాడు.

నేను హాస్టల్‌కి బయల్దేరిన రోజు పెన్సిలు 168లో ఉంది.

నవంబర్‌లో పరీక్షకు పది రోజుల ముందు చిన్నోణ్ని కరీంనగర్ పంపించారు. మా అమ్మ స్కూల్‌కి సెలవులు పెట్టింది, మిగిలిన సీఎల్‌లన్నీ అయిపోయాయి. వాడు మొదటి మూడు రాత్రులు ఏడ్చాడట, అటు అక్క కూడా. వీడియో కాల్ చేస్తే వాడు ఇంకా ఏడుస్తాడని కాల్ చెయ్యకుండా పుస్తకం ముందు కూర్చుంది.

పరీక్ష రోజు సాయంత్రం ఫోన్ చేశాను.

"ఎట్ల రాసినవ్ అక్కా?"

"రాసిన. కొన్ని తెల్వలే. సెలైన్ లెక్క వచ్చింది, వేరే నంబర్లు." కొంచెం ఆగింది. "హాల్ల కూసున్న కాడికెల్లి లేచేదాక ఒక్కలు గూడ 'మమ్మీ' అనలేదురా. మొదటి పది నిమిషాలు చెవులు అటే ఉన్నయి, ఎవలన్న పిలుస్తరేమోనని."

వెనక ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. ఇంకెవరో "నేను గిల్లలే" అంటున్నారు.

"ఆగు, మళ్ల చేస్త" అని పెట్టేసింది.