రెండో ఆట దారి

మా చిన్నప్పుడు ఖానాపురం హవేలిలో సినిమాకు వెళ్ళడమంటే ఖమ్మానికి నడవడం. పొద్దుగూకగానే అన్నాలు తినేసి, గొడ్లకు మేత వేసి, ఇంటికి తాళం పెట్టి నాలుగైదు ఇళ్ళవాళ్ళం కలిసి బయల్దేరేవాళ్ళం. మొదటి ఆటకు వెళ్తే పొలం పని ఆగిపోతుంది. అందుకే మాకు ఎప్పుడూ రెండో ఆటే. తిరిగొచ్చేది అర్ధరాత్రి దాటాకే. టార్చిలైటు ఒక్కటే ఉండేది, అది ముందు నడిచేవాళ్ళ చేతిలో. దారి పొడుగునా మా మేనత్త ఆ సినిమానే మళ్ళీ మొదటినుంచీ చెప్పేది. హాల్లో నిద్రపోయిన పిల్లలకు అసలు కథ అప్పుడే తెలిసేది.

హవేలి అంటే మేడ అనుకుంటారు కొత్తవాళ్ళు. కోటకూ కచేరీకీ దగ్గరగా ఉండి, శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు చేరే భూములకు నవాబుల కాలంలో ఆ పేరు. ఖానాపురం బతుకు మొదటినుంచీ ఖమ్మంతో ముడిపడే ఉంది. 2012లో ఖమ్మం నగరపాలక సంస్థ అయినప్పుడు మా ఊరు అందులో కలిసింది. ఇప్పుడు ఊరెక్కడ అయిపోయి పట్నం ఎక్కడ మొదలవుతుందో నాకే తెలియదు.

సినిమాకు అందరూ మాలా నడిచే వెళ్ళలేదు. అమెరికాలో కార్లో కూర్చునే బొమ్మ చూసే డ్రైవ్‌ఇన్ థియేటర్లు 1933లో న్యూజెర్సీలో మొదలయ్యాయి. మన దేశంలో అహ్మదాబాదులో 1973లో ఒకటి వచ్చింది. మన వైపు కార్లెక్కడివి? మాకు ఎడ్లబండ్లు. 1963లో ‘లవకుశ’ వచ్చినప్పుడు తెలుగునాట పల్లెలు పల్లెలే బండ్లు కట్టుకొని కదిలాయి. హాలు చుట్టూ కాడి దించిన బండ్లు, చక్రాలకు కట్టేసిన ఎడ్లు, బండి కింద గడ్డి పరుచుకొని పడుకున్న ముసలివాళ్ళు. తెలుగులో అది మొట్టమొదటి పూర్తి నిడివి రంగుల చిత్రం. సీతమ్మను రంగుల్లో చూడటానికి వచ్చినవాళ్ళు చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్ళారని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు.

పట్నం హాలు దాకా రాలేని ఊళ్ళకు హాలే వెళ్ళేది. టూరింగ్ టాకీసు అది. జనం నోట్లో డేరా హాలు. జాతరకో సంతకో వచ్చి ఊరి బయట డేరా వేసేది. పగలు వెలుతురుంటుంది కాబట్టి మ్యాట్నీ లేదు, రాత్రి రెండాటలే. కరెంటు లేని చోట డీజిలింజను. మైకులో ఘంటసాల ‘నమో వెంకటేశ’ మొదలైతే టికెట్లు ఇస్తున్నారని గుర్తు. లోపల ఇసుక పోసిన నేల, మధ్యలో గుడ్డ కట్టి ఆడవాళ్ళకో పక్క, మగవాళ్ళకో పక్క. ఆ వెనక బెంచీ, ఇంకా వెనక కుర్చీ. మిషను ఒక్కటే ఉండేది కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆగేది. ఆ సందులో పల్లీలవాడు, గోలీసోడావాడు చకచకా తిరిగేసేవాళ్ళు. పెద్ద ఊళ్ళలో ఆడి ఆడి అరిగిన ప్రింటే డేరాకు వచ్చేది. బొమ్మ మీద వానగీతలు. కల్యాణ మండపంలోనూ వానే, ఎడారిలోనూ వానే. దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

సినిమా పంపిణీ లెక్కల్లో ఖమ్మం నైజాం ఏరియా. మాకు దగ్గర మాత్రం విజయవాడ. కాజీపేట, బెజవాడ రైలు మార్గం మీదున్న ఊరు కదా, పంటల సొమ్ముకూ పెళ్ళి బట్టలకూ అటే చూసేవాళ్ళం. భద్రాచలం కథ ఇంకొకటి. 1959 దాకా అది తూర్పు గోదావరి జిల్లాది, ఆ తర్వాతే ఖమ్మంలో కలిసింది. నాగయ్య ‘రామదాసు’ 1964లో వచ్చింది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచింది ఆ మరుసటి ఏడు. అంతవరకూ మా వైపు నుంచి రామయ్య దర్శనానికి వెళ్ళాలంటే పడవ ఎక్కాల్సిందే. అందుకే 1973లో బాపు ‘అందాల రాముడు’ తీసి గోదావరి మీద భద్రాద్రికి లాంచీ నడిపిస్తే, ఆ పడవ ప్రయాణం తెలిసిన పెద్దవాళ్ళు దాన్ని తమ సొంత సినిమాలా చూశారు.

హాలంటే నాకు తెర కంటే మిషను గదే ఎక్కువ గుర్తు. ఒకసారి లోపలికి రానిచ్చారు. ఇనప డబ్బాలో ఎదురెదురుగా రెండు కార్బన్ కడ్డీలు. వాటి మొనలు ఒక్కసారి తాకించి కాస్త ఎడం చేస్తే మధ్యలో కళ్ళు చెదిరే తెల్లని మంట. ఆపరేటరు నల్లద్దంలోంచి దాన్ని చూస్తూ, కడ్డీలు కాలి కురచవుతున్నకొద్దీ చక్రం తిప్పి దగ్గరకు జరుపుతున్నాడు. ఏమరుపాటైతే తెర పసుప్పచ్చబడేది. వెంటనే కింద ఈలలు. తెర కుడి మూల పైన చిన్న చుక్క మెరిసింది. ఆయన చెయ్యి పక్క మిషను మీదకు వెళ్ళింది. రెండో చుక్కకు బొమ్మ ఆ మిషనులోంచి పడింది. కింద ఒక్కరికీ తెలియలేదు. రెండున్నర గంటలూ ఆయన సినిమా చూడలేదు, ఆ మంటనే చూశాడు. ఈ జిల్లాకు ఇంత సినిమా చూపించిన ఆ మనుషుల పేర్లు ఏ వందరోజుల షీల్డు మీదా లేవు. అది నాకు ఇప్పటికీ బాధే.

హాళ్ళు దెబ్బతిన్నది టీవీ వల్లేనని అందరూ అంటారు. పన్ను సంగతి కూడా చెప్పాలి. 1984 జనవరి నుంచి స్లాబు పద్ధతి వచ్చింది. అంతకుముందు తెగిన టికెట్టుకే పన్ను. ఆ తర్వాత హాలు నిండితే ఎంత వసూలవుతుందో లెక్కగట్టి, ఆ మొత్తంలో ఇంత శాతమని ఆటకింత కట్టమన్నారు. పదిమందే వచ్చినా అంతే, వానకు జనం రాకపోయినా అంతే. హాళ్ళవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1993లో చట్టమే నెగ్గింది. ఎగవేతలు ఆపడానికి తెచ్చిన పద్ధతే కావచ్చు. కానీ నాట్లప్పుడూ కోతలప్పుడూ ఖాళీగా ఉండే పల్లె హాలుకు అది మోయలేని బరువు.

తర్వాత రీళ్ళే పోయాయి. డిజిటల్ వచ్చాక కార్బన్ కడ్డీ కొనేవాళ్ళు లేరు, రీళ్ళ పెట్టె మోసే కుర్రాడూ లేడు. ఖమ్మంలో తిరుమల, ఆదిత్య, వినోద అన్న పేర్లు మాత్రం ఆటోవాళ్ళ నోట్లో ఇంకా గుర్తుల్లా పలుకుతున్నాయి. 2024 మే నెలలో పెద్ద సినిమాలు లేక, జనం రాక తెలంగాణ అంతటా సింగిల్ థియేటర్లు పదిరోజులు మూసుకున్నాయి. ఆ వార్త చదివిన రోజు నాకు మా ఇంటి సినిమా గుర్తొచ్చింది.

హాలు వెనక పారేసిన తెగిన ఫిల్ము ముక్కలు ఏరుకొచ్చేవాళ్ళం. కాలిపోయిన బల్బు మూతి ఊడదీసి నీళ్ళు నింపితే అదే లెన్సు. తలుపులన్నీ మూసి, సందులోంచి వచ్చే ఎండను అద్దంతో బల్బు మీదకు తిప్పాలి. మేనత్త తెల్ల పంచె పట్టుకొని నిలబడేది. ఫిల్ము తలకిందులుగా పెడితేనే పంచె మీద మనిషి నిటారుగా నిలబడేవాడు. ఒకరోజు దొరికిన ముక్కలో తల లేదు, విల్లు పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఉంది. అది రామారావు చెయ్యా కాదా అని మేం కొట్టుకుంటుంటే, పంచె వెనకనుంచి మేనత్త అంది: “ఆ కంకణం ‘లవకుశ’లోది. కదలకుండా పట్టుకోండి, నన్ను చూడనివ్వండి.”