ఆరడుగుల కుంట, నాలుగడుగుల చూపు

మొన్న ఆదివారం మా చేలో జరిగింది రాస్తున్నా. పిల్లలున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడి మనవడు సెలవులకొచ్చాడు. పదేళ్లు. ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంట గట్టు మీద నిలబడి "తాతా, నా గుండెల దాకానే కదా, దిగనా?" అన్నాడు. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున పట్టా మడతలు కూడా కనబడుతున్నాయి. నిజం చెప్తున్నా, ఒక్క క్షణం నాకూ అలాగే అనిపించింది. కుంట తవ్వించింది నేనే! చెయ్యి పట్టుకుని ఆపి, వెదురు గడ తెచ్చి దించాను. నీళ్ల దగ్గర గడ విరిగినట్టు కనబడింది. పైకి తీసి తడి కొలిస్తే ఆరడుగులు. వాడి ఎత్తు నాలుగున్నర.

కాళ్లలో వణుకొచ్చింది.

ఇంటర్లో మార్కుల కోసం చదివిన వక్రీభవనం ఇదే. అడుగు నుంచి వచ్చే వెలుతురు నీళ్లు దాటి గాల్లోకి వచ్చేచోట వంగుతుంది. కంటికి ఆ వంపు తెలీదు, తిన్నగా వచ్చిందనుకుంటుంది. అందుకే అడుగు పైకి లేచినట్టు కనబడుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33. అంటే నిలువుగా పైనుంచి చూస్తే లోతు ముప్పావు వంతే కనబడుతుంది, ఆరడుగులు నాలుగున్నర అన్నమాట. గట్టు నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. పిల్లలు చూసేది గట్టు మీద నుంచేగా.

ఇంటికెళ్లి గిన్నెలో రూపాయి బిళ్ల వేశాను. అంచు అడ్డమొచ్చి బిళ్ల కనబడకుండా పోయేదాకా వాణ్ణి వెనక్కి జరగమని, మెల్లగా నీళ్లు పోశాను. "వచ్చింది తాతా!" అని అరిచాడు. మీ పిల్లలకీ చూపించండి, పది చీవాట్ల కన్నా బాగా ఎక్కుతుంది.

దూరం నుంచి చూస్తే అదే కుంట అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. చూపు ఎంత వాలితే అంత ఎక్కువ వెలుతురు నీటి మీదే పరావర్తనమై తిరిగొస్తుంది. అప్పుడు అడుగు కనబడదు, పిల్లలు భయపడతారు. అదే నయం. దగ్గరికొచ్చి అడుగు కనబడ్డప్పుడే లేని ధైర్యం వస్తుంది.

పైగా పట్టా మీద పాచి పడితే పెద్దోళ్లకే కాలు నిలవదు. అందుకని నాలుగు వైపులా రాతి కూసాలకు ముళ్లేసిన మోకులు కట్టి నీళ్లలోకి వదిలాను. రెండు పాత ట్రాక్టర్ ట్యూబులు గాలి కొట్టి పెట్టాను. గడకు అడుగుల లెక్కన రంగు పూసి దించుదామనుకున్నా గానీ, మునిగిన గుర్తులు కూడా పైకి లేచే కనబడతాయి. అందుకే గట్టు మీదే రేకు పాతి "లోతు 6 అడుగులు" అని రాయించాను.

కంచెకు ఇంకా డబ్బు కుదర్లేదు. మీలో ఎవరైనా కుంట చుట్టూ తక్కువలో వేసుకునుంటే ఎంతైందో, ఏ వల వాడారో చెప్పండి.