వైన్స్‌లో దొరకని వైన్

మా బాలాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆటోలో పోతుంటే 'వైన్స్' అన్న బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. లోపల విస్కీ ఉంటుంది, బీరు ఉంటుంది, బ్రాందీ ఉంటుంది. వైన్ అడిగితే మాత్రం కౌంటర్ మీదున్న అబ్బాయి మనల్ని ఎగాదిగా చూసి, పై అరలో దుమ్ముపట్టిన సీసా దింపడానికి స్టూలు వెతుక్కుంటాడట. ఇది మా అల్లుడు చెప్పిన మాట. నేనెప్పుడూ ఆ మెట్లెక్కలేదు. మా ఇంట్లో 'వైన్స్' అంటే రాత్రి పదిన్నరకి తమ్ముణ్ణి వెతుక్కుంటూ నాయిన పోయే చోటు. తమ్ముడు నలభై ఆరేళ్ళకే లివర్ చెడిపోయి చనిపోయాడు.

అందుకే కిందటేడు జర్మనీలో కూతురింటికి పోయినప్పుడు, "అమ్మా, శనివారం వైన్ రుచి చూడనీకి పోదాం, నీక్కూడా టికెట్ తీసుకున్నం" అని అది అనగానే నాకు ఒళ్ళు మండింది. "మీ మామను చూసినంక గూడ గా మాటెట్ల అన్నవే" అన్నాను. అది నోరెత్తలేదు. కాసేపయ్యాక అల్లుడు మెల్లగా, "అత్తమ్మా, మింగాల్సిన పన్లేదు. ఉమ్మేయనీకి బకెట్ పెడతరు" అన్నాడు. పైసలు పెట్టి కొన్నది ఉమ్మేస్తారా? ఆ బకెట్ ఏందో చూద్దామనే బయల్దేరాను.

వాళ్ళుండేది రుసెల్స్‌హైమ్. ఒపెల్ కార్ల ఊరు. తెల్ల వైన్ చేసే 'రీస్లింగ్' అనే ద్రాక్ష పేరు మొట్టమొదట కాగితం మీద కనబడింది ఈ ఊళ్ళోనేనట. 1435లో కాట్సెన్‌ఎల్న్‌బోగెన్ ప్రభువుల లెక్కల్లో, రీస్లింగ్ అంట్లకి 22 షిల్లింగులు ఖర్చయినట్టు రాసి ఉంది. అప్పటికి గోల్కొండకి కుతుబ్‌షాహీలే రాలేదు. ఎవరో గుమాస్తా పద్దు రాయబట్టి ఒక ద్రాక్షకి పుట్టినరోజు దొరికింది!

మేం పోయింది రైన్ నది ఒడ్డున ఉన్న రైన్‌గావ్‌కి. ఉత్తరానికి పోయే నది అక్కడ కొంతదూరం పడమటికి తిరుగుతుంది. దాంతో ఉత్తరపు గట్టు మీది వాలు మొత్తం దక్షిణానికి మొహం పెట్టి ఎండ కాచుకుంటుంది. ఆ వాలు నిండా తీగలే. పందిళ్ళు లేవు, కర్రలకీ కడ్డీలకీ కట్టిన వరసలు.

అదొక చిన్న కుటుంబం వాళ్ళ తోట. ఇంటావిడకి నా వయసే ఉంటుంది. బల్ల మీద నాలుగు గ్లాసులు, ఒక రొట్టెముక్కల పళ్ళెం, పక్కన బకెట్. గ్లాసు కాడ పట్టుకోవాలి, పొట్ట పట్టుకుంటే చేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. ముందు వాసన. తర్వాత ఒక గుక్క నోట్లోకి తీసుకుని, పుక్కిలించినట్టు నాలుగు వైపులా తిప్పి, ఉమ్మేయాలి. పెద్ద పెద్ద మనుషులు ఎంతో మర్యాదగా వంగి వంగి ఉమ్ముతున్నారు. నవ్వాపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మొదటిది తీపి లేనిది, 'ట్రోకెన్' అంటారు. నోట్లో పడగానే పచ్చి మామిడికాయ కొరికినట్టు దవడల మూలల్లో నీళ్ళూరాయి. ఉమ్మేశాక కూడా ఊరుతూనే ఉన్నాయి. పులుపుని కొలిచేది అలాగేనని కూతురు చెప్పింది. ఎంతసేపు నోరూరితే అంత పులుపు. రెండోది 'కాబినెట్'. అందులో తీపి ఉంది, కానీ పులుపు దాన్ని మొహం మొత్తనివ్వదు. మన పులుసులో చింతపండూ బెల్లమూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నట్టు. మద్యం ఎనిమిది తొమ్మిది శాతమే. మన వైన్స్‌లో అమ్మే విస్కీలో 42.8 శాతం.

మూడోది 'ష్పేట్‌లేజె', అంటే ఆలస్యంగా కోసినది. 1775లో యోహానిస్‌బెర్గ్ కోట తోటలో కోతకి అనుమతి తెచ్చే గుర్రపు మనిషి ఆలస్యం చేశాడనీ, ఈలోగా పళ్ళు బూజుపట్టాయనీ, పారేయలేక పిండితే అమృతంలా వచ్చిందనీ కథ చెబుతారు. ఆ గుర్రపు మనిషికి అక్కడ విగ్రహం కూడా ఉంది. ఆలస్యంగా వచ్చినందుకు విగ్రహం పెట్టించుకున్నవాడు ఇంకొకడున్నాడో లేడో!

నాలుగోది పాతది. వాసన చూసి గ్లాసు దించేశాను. గ్యాస్‌నూనె! రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడ్డప్పటి వాసన. చెడిపోయిందేమో అనుకున్నా, అదే దాని గొప్పట. ద్రాక్ష తొక్కలో క్యారెట్ రంగు జాతి పదార్థాలుంటాయి. అవి సీసాలో ఏళ్ళ తరబడి నిలవుండి, విరిగి, ఆ వాసనగా మారతాయి. పండు మీద ఎండ ఎంత పడితే అంత ఎక్కువ. కొందరికి ఇది ప్రాణం. నాకైతే స్టవ్ వత్తులు గుర్తొచ్చాయి. వద్దన్నాను.

అక్కడే నాకు నాయిన గుర్తొచ్చాడు. నాయిన బాలాపూర్ దాటాక ఒక అనాబ్ షాహీ తోట కౌలుకి చేసేవాడు. రాచద్రాక్ష అని ఆ పేరుకి అర్థం. లేత ఆకుపచ్చ, పొడుగు పళ్ళు, పందిరి కింద గుత్తులు గుత్తులు. మాకు చలి లేదు, తీగ నిద్రపోదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరించి దాన్ని దారిలో పెట్టాలి. అక్టోబర్‌లో కత్తిరిస్తే ఎండాకాలం మొదట్లో పంట. రాత్రుళ్ళు కూడా వెచ్చగా ఉంటే పండులోని పులుపు ఆవిరైనట్టు తగ్గిపోతుంది, తీపి ఒక్కటే మిగులుతుంది. రైన్ ఒడ్డున చలిరాత్రుళ్ళు పులుపుని కాపాడతాయి.

వ్యాపారి వస్తే గుత్తి భుజం మీది పండు తిని "తీపున్నది" అనేవాడు. నాయిన ఒప్పుకునేవాడు కాదు. గుత్తి చిట్టచివర వేలాడే కొసపండు అన్నింటికన్నా ఆలస్యంగా పండుతుంది, అది తింటేనే నిజం తెలుస్తుంది. ఆ కొసపండు తినే పని తమ్ముడిది. వాడి నాలుక వాడికి దేవుడిచ్చింది. కళ్ళు మూసుకుని ఒక కొసపండు కొరికి, మొహం చిట్లించి, "ఇంక వారం ఆగాలె" అనేవాడు. ఆగేవాళ్ళం. ఊళ్ళో ముసలివాళ్ళు ఈతకల్లు ఒక గుక్క తాగి పొద్దుటిదో సాయంత్రం దించిందో చెప్పేవాళ్ళు. వాళ్ళ సరసన కూర్చునే నాలుక వాడిది.

తర్వాత తోట అమ్ముడుపోయింది. మా ఊరి వినాయకుడి లడ్డూ మొదటిసారి వేలం వేసింది 1994లో, 450 రూపాయలకి. 2025లో అదే లడ్డూ 35 లక్షలు పలికింది. భూములు దానికన్నా జోరుగా పరిగెత్తాయి. తమ్ముడు ప్లాట్ల బ్రోకరయ్యాడు. రిజిస్ట్రేషన్ అయిన రోజల్లా పార్టీ. వాడు తాగేది ఒకసారి కిటికీలోంచి చూశాను. గ్లాసు ఎత్తి, ఊపిరి బిగబట్టి, నాలుకకి తగలకుండా గొంతులో పోసుకుని, వెంటనే ఇంత మిక్చర్ నోట్లో వేసుకున్నాడు. కొసపండు తిని వారం లెక్క చెప్పినవాడు!

పంట కోత ఎప్పుడని ఎట్లా తేలుస్తారని ఇంటావిడని అడిగించాను. చక్కెర చూసే చిన్న గొట్టంలాంటి పరికరం చూపించింది. తర్వాత నవ్వి, తన నాలుక చూపించింది.

ఆ రాత్రి కూతురు కోడికూర వండి కాబినెట్ సీసా చల్లగా పెట్టింది. కారానికి విస్కీ తోడైతే నోరు మరింత మండుతుందట, కొంచెం తీపీ తక్కువ మద్యమూ ఉన్న రీస్లింగ్ మంటని దించుతుందట. రెండు చెంచాలు నోట్లో పోసుకుని చూశాను, మాట నిజమే. నాసిక్ దగ్గర కూడా రీస్లింగ్ పండిస్తున్నారని అల్లుడన్నాడు. అక్కడి ఎండకి పులుపు ఎంత మిగులుతుందో మరి, ఆ కొసపండు తినాలని ఉంది.

ఊరికి తిరిగొచ్చాక తమ్ముడి భార్య వచ్చింది. చాక్లెట్లు ఇచ్చి, బకెట్ సంగతి చెప్పాను. "పైసలిచ్చి ఉమ్ముతరా వదినా!" అని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. వైన్ మాట మా ఇద్దరి మధ్యా నవ్వుతో రావడం అదే మొదలు. కాసేపాగి అడిగింది.

"ఇంతకీ ఎట్లుంటది?"

"తోటల కొసపండు తిని మీ ఆయన మొహం ఎట్ల పెడుతుండె, యాదికున్నదా?"

చాక్లెట్ కాగితం మడతపెడుతూ చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే పుల్లగనే ఉంటది" అంది.