చెడితే పలికేదెవరు?

గ్యారంటీ అన్న మాట మన ఇళ్ళలోకి ఏ ముహూర్తాన అడుగుపెట్టిందోగాని, అప్పటినుంచీ "పూచీ" అన్న మాట కరువైపోయింది. పూర్వం "పూచీ నాది" అని ఒక పెద్దమనిషి అన్నాడంటే ఆయన ఫలానా వీధిలో, ఫలానా అరుగుమీద కూర్చుని ఉండేవాడు. తేడా వస్తే వెళ్ళి అడగొచ్చు. గ్యారంటీ అలాంటిది కాదు. అదొక కార్డు. బీరువాలో పట్టుచీరల కింద, పిల్లల జాతకాలతో పాటు పడి ఉంటుంది. జాతకంలాగే అవసరానికి దొరకదు. దొరికినా అర్థం కాదు. అర్థమైనా జరిగేది వేరు!

మా మిక్సీ సంగతే చెబుతాను. కొన్న ఎనిమిదో నెలలో మూలిగి ఆగిపోయింది. కార్డు పట్టుకుని రెండు బస్సులు మారి సర్వీసు సెంటరుకు వెళ్ళాను. బిల్లేదీ అన్నారు. చూపించాను. కార్డుమీద షాపు ముద్ర సగమే పడిందన్నారు. మిగతా సగం కోసం షాపుకు వెళ్ళొచ్చాను. అప్పుడు తాపీగా చెప్పారు, గ్యారంటీ మోటారుకేనట, జారుకు లేదట, బ్లేడుకు లేదట, ఈ రెంటినీ కలిపే రబ్బరు ముక్కకు అసలే లేదట. పాడైంది ఆ రబ్బరు ముక్కే! "అయితే మోటారొక్కటీ పెట్టుకుని పచ్చడి చేసుకోనా?" అన్నాను. ఆ అబ్బాయి నవ్వలేదు. అలాంటి మాటలు రోజుకు పదిమంది అంటారు కాబోలు.

అంత విసిగిన నాకు గ్యారంటీమీద కాస్త గౌరవం కలిగించిన వస్తువేమిటో చెబితే మీరు నమ్మరు. తుపాకి తూటాలు చేసుకునే యంత్రం. కంగారుపడకండి. నేను తుపాకి పట్టలేదు. ఆ వస్తువంటే నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు. చూసింది మాత్రం చెబుతాను.

2018లో అరిజోనా రాష్ట్రంలో మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలున్నాను. పక్కింట్లో డెబ్బై దాటిన అమెరికనావిడ. భర్త పోయి రెండేళ్ళు. ఆవిడ వాళ్ళ చెట్టు నిమ్మకాయలు గిన్నెనిండా పంపేది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మనకు అలవాటు లేదు కదా, పులిహోర పెట్టి తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు ఆవిడ కారు షెడ్డులో బల్లముందు నిలబడి, బత్తాయిరసం తీసే మరలాంటిదాని పిడి పట్టుకుని కిందికీ పైకీ లాగుతోంది. పిడి వంచినప్పుడల్లా పక్కనున్న డబ్బాలో టక్కుమని ఒక తూటా పడుతోంది. మనం అప్పడాలు వత్తినంత మామూలుగా!

అమెరికాలో ఇదొక ఇంటి వ్యాపకం. గురిచూసి కొట్టే పోటీలకు వెళ్ళేవాళ్ళు, వేటగాళ్ళు ఖర్చు కలిసొస్తుందనీ, తమ తుపాకికి నప్పే తూటా కావాలనీ సొంతంగా చేసుకుంటారు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గొట్టం, అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల మందు, మూతిలో గుండు. పేల్చాక గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమరు పని అయిపోతుంది. మిగిలేది గొట్టం. నాలుగింటిలోనూ ఎక్కువ ఖరీదు దానిదే. దాన్ని ఏరి తెచ్చుకుని మళ్ళీ మళ్ళీ నింపుతారు. 1870లలో అడవిదున్నలను వేటాడినవాళ్ళు కూడా గుడారాల దగ్గర కూర్చుని ఇదే పని చేసేవారట. పాత చీరలకు స్టీలు గిన్నెలు తీసుకునే మనకు ఆ పొదుపు కొత్తగా తోచదు. మొక్కజొన్న కండెల రవ్వలో వేసి ఆ గొట్టాలను మెరిపిస్తుంటే, చింతపండు పెట్టి తోమి చూడమని చెప్పాలనిపించింది. (మన దగ్గర మాత్రం ఎవరూ సరదాపడకండి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం.)

ఈ యంత్రాలలో రెండు రకాలు. ఒకటి మన జంతికల గొట్టంలాంటిది, ఒక నొక్కుకు ఒకే పని. రెండోది పెళ్ళి బంతిలాంటిది. మనకైతే విస్తరి కదలదు, వడ్డించేవాళ్ళు కదులుతారు. అక్కడ వడ్డించేవి కదలవు, గొట్టాలే గుండ్రంగా తిరుగుతూ ఒకచోట ప్రైమరు, ఒకచోట మందు, ఒకచోట గుండు పెట్టించుకుంటాయి. పిడి ఒక్కసారి లాగితే ఒక తూటా తయారు.

చేసేవాళ్ళ కథలు కూడా సరదాగా ఉంటాయి. కాలిఫోర్నియాలోని ఒరోవిల్లో 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన తండ్రిగారి బట్టలుతికే దుకాణం వెనకగదిలో మొదలుపెట్టింది ఆర్.సి.బి.ఎస్. ఆ పేరులోని మొదటి రెండక్షరాలు కొండరాళ్ళలో తిరిగే ఒక పెద్ద ఎలుకజాతి జంతువువి. నెబ్రాస్కాలో 1949లో పుట్టిన హోర్నడీ కంపెనీ వ్యవస్థాపకుడి పేరు జాయిస్. ఆడపేరే గాని, ఆయన మగవాడే! రిచర్డ్ లీ అనే ఆయన 1958లో తెచ్చిన సామాను మరీ చవక, సుత్తితో కొట్టి చేసుకునేది. మన రోలూ రోకలీ అన్నమాట. అరిజోనాలోనే ఉన్న డిల్లన్ వాళ్ళవి నీలం యంత్రాలు, ఆర్.సి.బి.ఎస్. వాళ్ళవి ఆకుపచ్చవి, హోర్నడీ, లీ వాళ్ళవి ఎర్రవి. నీలం గొప్పా, ఆకుపచ్చ గొప్పా అని అక్కడి మగవాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారు. మనం చీరల రంగుల గురించి మాట్లాడితే మాత్రం కాలక్షేపం కబుర్లంటారు!

ఆ డిల్లన్ వాళ్ళ పూచీకి ఒక పేరుంది. అందులో రెండక్షరాలకు అర్థమేమిటని అడిగితే మా అమ్మాయి చెప్పడానికి సిగ్గుపడింది. ఆబోతుకూ పేడకూ సంబంధించిందని మాత్రం తెలిసింది. మనకు పేడ అంటే కళ్ళాపి, వాళ్ళకు పేడ అంటే డొంకతిరుగుడు కబుర్లు! "కబుర్లు లేని పూచీ" అని దాని భావం. ఇంట్లో వాడుకునే యంత్రమైతే జీవితకాలం పూచీ. కొత్తది కొన్నారా, ఎవరి దగ్గరైనా పాతది కొన్నారా అని అడగరు. అరిగినా, విరిగినా భాగం పంపిస్తారు. కరెంటుతో నడిచే భాగాలకు మాత్రం ఏడాదే. తక్కిన పేరున్న కంపెనీలలో కూడా బిల్లు అడక్కుండా భాగాలు పంపేవాళ్ళున్నారు.

పక్కింటావిడ యంత్రం ఏ రంగుదో ఇక్కడ అనవసరం. ఒక శుక్రవారం దాంట్లో మందు కొలిచే చోట చిన్న స్ప్రింగు విరిగింది. నేనూ మా అమ్మాయీ అక్కడే ఉన్నాం. ఆవిడ ఫోను తీసింది. "ముందు బిల్లు వెతుక్కోమని చెప్పవే" అన్నాను మా అమ్మాయితో. ఆవిడ నవ్వి, "ఎప్పుడు కొన్నాడో మా ఆయనకే తెలియాలి. అడగడానికి ఆయన లేడుగా" అంది.

అవతల ఒకాయన పలికాడు. రికార్డు చేసిన గొంతు కాదు, మనిషే. బిల్లు అడగలేదు. పేరూ చిరునామా రాసుకున్నాడు. భాగం పంపిస్తానన్నాడు. అక్కడితో ఫోను పెట్టేసినా మర్యాదస్తుడే అనుకునేదాన్ని. ఆయన పెట్టలేదు.

"ఇవాళ ఎన్ని చేశారు?" అని అడిగాడు.

"అరవై."

"ఎన్నోదాని దగ్గర స్ప్రింగు విరిగింది?"

"తెలియదు. ఇప్పుడే చూశాను."

"అయితే ఆ అరవైలో ఒక్కటి కూడా తుపాకిలో పెట్టకండి. అన్నీ విప్పి మందు తూచండి."

"పైకి అన్నీ బాగానే ఉన్నాయే!"

"పైకి అన్నీ బాగానే ఉంటాయి మేడమ్."

ఆ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. ఎందుకంటే తూటాలో మందు తక్కువ పడితే గుండు బయటికి రాకుండా తుపాకి గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. తెలియక రెండోది పేలిస్తే ఆ గొట్టమే పగలొచ్చు. ఎక్కువ పడితే చేతిలోనే బద్దలవచ్చు. ఆ మందు తూకం గ్రెయిన్లలో చెబుతారు. పౌనుకు 7000 గ్రెయిన్లు. మన కంసాలి బంగారం తూచే గురివింద గింజ ఒకటి సుమారు రెండు గ్రెయిన్లుంటుంది. చిన్న పిస్తోలు తూటాలో పడే మందు తరచు రెండు మూడు గురివింద గింజల బరువే. అందులో ఒక గింజెత్తు తేడా వచ్చిందంటే కన్ను పోవచ్చు, వేళ్ళు పోవచ్చు. ఆ విద్యకు కంపెనీలవాళ్ళు వేసే తూకాల పుస్తకాలు చూశాను. మన వంటల పుస్తకాల్లో ప్రతి పేజీలోనూ ఉండే "తగినంత" అన్న మాట వాటిలో మచ్చుకైనా లేదు!

ఆ సాయంత్రం ముగ్గురం బల్లచుట్టూ కూర్చున్నాం. సుత్తిలాంటి ఒక పనిముట్టులో తూటాను బిగించి నేలమీద కొడితే గుండూ మందూ విడిపోతాయి. ఆవిడ విప్పుతుంటే మా అమ్మాయి తూచింది, నేను కాగితంమీద అంకెలు వేశాను. రెండున్నర గంటలు పట్టింది. యాభైయేడు సరిగ్గా ఉన్నాయి. మూడింటిలో మందు తక్కువ. ఆ మూడింటిలో ఒకదాంట్లో అడుగంటిన చారెడు పప్పులా పేరుకే ఉంది. ఆవిడ ఆ మూడు గొట్టాలనూ ఒక సాసరులో విడిగా పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చుంది. మర్నాడు శనివారం. పద్నాలుగేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని గురి నేర్పడానికి వెళ్ళాల్సింది. ఆ తూటాలతోనే!

నాలుగో రోజున పోస్టులో కవరు వచ్చింది. ఒక స్ప్రింగు, ఉంటుందని ఇంకొక స్ప్రింగు. పైసా తీసుకోలేదు.

వాళ్ళేం దానధర్మాలు చేయడం లేదని మా అల్లుడు వివరించాడు. ఆ యంత్రంలో ఉన్నది చాలావరకు పోతపోసిన లోహం. విరిగేవి చిన్న చిన్న భాగాలు. స్ప్రింగు ఖరీదెంత? గురి నేర్చుకునే క్లబ్బుల్లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఒకరికి పలికితే పదిమంది కొంటారు, ఒకరికి పలక్కపోతే పదిమంది మానేస్తారు. పైగా అమెరికాలో 1975లో ఒక చట్టం వచ్చింది. రాసిచ్చే వారంటీ పూర్తిదో, పరిమితమైనదో పైనే పెద్దక్షరాలతో చెప్పాలి, మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో రాయాలి. మనకూ 1986లో వినియోగదారుల చట్టం వచ్చింది, దాని స్థానంలో 2019 చట్టం వచ్చింది. లెక్క ప్రకారం మనమూ అడగొచ్చు. కాని చట్టం బిల్లుదాకా రాగలదు, స్ప్రింగుదాకా రాగలదు. "విప్పి తూచండి" అని చెప్పమని ఏ చట్టమూ ఆ ఫోను పట్టుకున్న మనిషితో అనలేదు. అది ఆయన మనసులో ఉన్న పూచీ. కొన్నవాళ్ళను మెప్పించడం వేరు, వాళ్ళ మేలు కోరడం వేరు. మెప్పించేవాడైతే "ఏం ఫరవాలేదు" అనేవాడు.

ఇంకొకటి కూడా ఉంది. ఎంత పూచీ ఉన్నా ఆ పనిలో ఉన్నవాళ్ళెవరూ యంత్రానికే వదిలేయరు. ప్రతి గొట్టంలోకీ దీపం వేసి తొంగిచూస్తారు. బల్లమీద రెండు రకాల మందు డబ్బాలు ఒకేసారి పెట్టరు. పని చేస్తూ కబుర్లాడరు. మంచి కంపెనీయే ఆ మాట చెబుతుంది: "మా యంత్రాన్ని నమ్మండి, కాని చూసుకోండి" అని. మన కుక్కరు వాల్వుకూ, గ్యాసు రబ్బరు గొట్టానికీ ఆ మాట వర్తించదూ?

ఇప్పుడు నేను వస్తువు కొనే పద్ధతే మారిపోయింది. రంగు తర్వాత చూస్తాను, ఎన్ని వాట్లో తర్వాత అడుగుతాను. ముందు కార్డుమీద ఉన్న ఫోను నంబరుకు షాపులో నిలబడే ఒకసారి చేస్తాను. షాపువాళ్ళు వింతగా చూస్తారు. చూడనివ్వండి. పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం అడిగేవాళ్ళే గాని, అమ్మాయికి జ్వరమొస్తే మంచినీళ్ళిచ్చేదెవరని అడిగేవాళ్ళేరీ? కిందటి నెల గ్రైండరు కొనబోయినప్పుడు కూడా అలాగే చేశాను. పదకొండుసార్లు మోగాక ఒకమ్మాయి ఎత్తి, "చెప్పండమ్మా, ఏం పాడైంది?" అంది.

"ఇంకా ఏం కాలేదమ్మా. పాడైతే పలుకుతావో లేదోనని చేశాను" అన్నాను.

అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "పలుకుతానండీ. కాని పిండి రుబ్బేటప్పుడు మాత్రం లోపల చెయ్యి పెట్టకండి" అంది.

ఆ గ్రైండరే కొన్నాను.