గుమ్మానికి వేపాకు కట్టి ఏడు రోజులు ఆగాను

నేను చదివింది సేలంలో, తమిళ మీడియం. తెలుగు రాయడం రైల్వేలో చేరాక నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి. నిన్న రాత్రి కామత్‌ఘర్ నుంచి ఒక అమ్మాయి, పాపకు ఐదు రోజులుగా జ్వరం తగ్గడం లేదని గ్రూపులో పెట్టింది. అది చూశాక నిద్ర పట్టలేదు.

2022 నవంబరులో గోవండీ, మాలేగావ్, మన భివండీలో తట్టు ఎలా పాకిందో గుర్తుందా? అప్పుడే మా అమ్మాయి కొడుక్కి జ్వరం వచ్చింది. ఏడాదిన్నర వాడు. మూడో రోజుకు ఒంటి నిండా దద్దుర్లు. దగ్గరి డాక్టరు తట్టే అన్నారు. అమ్మాయి ముంబై పోదామంటే, "అమ్మవారు పోసిన పిల్లాణ్ణి ఊళ్ళు తిప్పుతారా?" అని కసిరి, గుమ్మానికి వేపాకు కట్టింది నేనే. చుట్టుపక్కల వాళ్ళు తమ పిల్లల్ని మా గడప తొక్కనివ్వలేదు.

కానీ దగ్గు లేదు, జలుబు లేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. పెదవులు పగిలి నెత్తురు వచ్చింది. నాలుక మహాబలేశ్వరం స్ట్రాబెర్రీలా అయింది. చేతులు, పాదాలు ఉబ్బాయి. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. గుమాస్తా బుద్ధి కదా, ఏ గంటకు ఎంత జ్వరమో పాత డైరీలో రాస్తూ పోయాను. ఏడో రోజు రాత్రి మా ఆవిడ ఆ డైరీ నా ముందు పడేసి, "రాయడమేనా, చదివేది లేదా?" అంది.

తెల్లవారకముందే కారు మాట్లాడుకుని, కశేళి వంతెన దాటి పరేల్ చేరాం. అక్కడి డాక్టరమ్మ డైరీ చూసి, రోజులు లెక్కపెట్టి, గుండెకు ఎకో తీయించి, "ఇది తట్టు కాదు, కవాసాకి" అంది. "అది బండి పేరు కదా మేడమ్?" అన్నాడు మా అల్లుడు. పాపం, నవ్వించాలని కాదు, నిజంగానే అడిగాడు.

తోమిసాకు కవాసాకి జపాన్ పిల్లల డాక్టరు. 1961లో మొదటి కేసు చూసి, 1967లో 50 మంది పిల్లల గురించి రాశారు. రక్తనాళాలు వాచే జబ్బు ఇది. ఎక్కువగా ఐదేళ్ళ లోపు పిల్లలకే వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. వైద్యం అందకపోతే నలుగురిలో ఒకరికి గుండె రక్తనాళాలు ఉబ్బి దెబ్బతినవచ్చు. జ్వరం మొదలైన పది రోజుల్లోపు మందు పడితే ఆ ముప్పు చాలా తగ్గుతుంది. మేం వెళ్ళింది ఎనిమిదో రోజు.

మందు పేరు ఇమ్యునోగ్లోబులిన్. కిలో బరువుకు రెండు గ్రాములు. పార్సెల్ ఆఫీసులో జీవితమంతా బరువును బట్టి చార్జీ వేసినవాణ్ణి, మనవడి పది కిలోలకు ఇరవై గ్రాములని లెక్క వేస్తుంటే చెయ్యి వణికింది. ఐదు గ్రాముల సీసాలు నాలుగు. ఎఫ్‌డీ తెంచాను. వెయ్యి మందికి పైగా ఇచ్చిన రక్తంలోంచి తీస్తారట అది. ఆ సీసా రాత్రంతా చుక్క చుక్కగా ఎక్కింది. మర్నాటికి ఒళ్ళు చల్లబడింది.

ఎకోలో ఒక నాళం కొంచెం వెడల్పయి ఉంది. రెండో వారంలో గోళ్ళ చుట్టూ తోలు ఊడింది, అది ఈ జబ్బులో మామూలేనట. రెండు నెలలు ఆస్పిరిన్ వేశాక ఎకో మామూలుగా వచ్చింది. ఈ మందు పడితే తట్టు టీకా 11 నెలలు ఆపాలట. ఊరంతా తట్టు ఉన్నప్పుడే రెండో డోసు ఆగిపోయింది. ఆ ఏడాది వాణ్ణి ఒక్క పెళ్ళికి కూడా తీసుకెళ్ళలేదు.

మా అమ్మాయి ఆ వేపాకు సంగతి ఇప్పటిదాకా ఎత్తలేదు.

కామత్‌ఘర్ అమ్మా, పాప కళ్ళు, పెదవులు, నాలుక ఇప్పుడే చూడు. ఇవాళే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, జ్వరం ఎన్నో రోజో ముందుగా చెప్పు. కారు కావాలంటే ఫోన్ చెయ్యి, నేను వస్తాను.