హీరోయిన్‌కి సెలవెవరిచ్చారు?

డిసెంబరు వచ్చిందంటే చాలు, టీవీ కోసం తీసిన క్రిస్మస్ ప్రేమకథల మీద తీర్పులు మొదలవుతాయి. అన్నీ కలిపి పిండితే ఒక్క మాటే మిగులుతుంది: మొదటి పది నిమిషాల్లోనే ముగింపు తెలిసిపోయింది! ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆ సినిమాలు గొప్పవని కాదు, తిట్టాల్సిన చోటు వదిలేసి తిట్టనక్కర్లేని చోట తిడుతున్నారని. కథ మనకు కొత్తదేమీ కాదు. మహానగరంలో ఊపిరాడని ఉద్యోగం చేసే అమ్మాయి పండక్కి సొంతూరొస్తుంది. ఊరంతా మంచు, దీపాలు. మూతపడబోయే బేకరీ ఒకటి, గళ్ల చొక్కా వేసుకుని చెక్కపని చేసే మంచి కుర్రాడొకడు, ఆఖరి రెండు నిమిషాల్లో ఒక ముద్దు. అమెరికాలో హాల్‌మార్క్ ఛానల్ 2009 నుంచి ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ పేరుతో ఏటా ఇదే వంటకాన్ని వడ్డిస్తోంది. ఓటీటీల పుణ్యమా అని ఇప్పుడది మా సూరత్ గల్లీల్లోని మన తెలుగు పిల్లల ఫోన్లలోకీ దిగింది.

ప్రేక్షకులు పట్టే తప్పులన్నీ పనికిమాలినవని అనను. కొందరి కన్ను భలే చురుకు. హీరోయిన్ చేతిలోని కాఫీ కప్పు తేలిపోవడం చూసి అది ఖాళీదని పట్టేస్తారు. చుట్టూ మంచు గడ్డకట్టి ఉంటే ఒక్కరి నోట్లోంచీ ఆవిరి రాదేమని నిలదీస్తారు. నిజమే, ఇలాంటి సినిమాలు చాలావరకు ఎండలున్నప్పుడే, రెండు మూడు వారాల్లో చుట్టేస్తారు. మంచు కృత్రిమం, కోట్లకు గుండీలు పెట్టుకోరు. అయినా జనం చూస్తూనే ఉన్నారు. 2014లో వచ్చిన ‘క్రిస్మస్ అండర్ ర్యాప్స్’ అప్పటికి ఆ ఛానల్ చరిత్రలోనే ఎక్కువమంది చూసిన సినిమా. అందులో కాండేస్ కామెరాన్ బ్యూర్ డాక్టరు. బోస్టన్‌లో కోరుకున్న అవకాశం చేజారి అలాస్కాలో ఒక మారుమూల ఊరికి వెళుతుంది, అక్కడొక కుర్రాణ్ణి ప్రేమిస్తుంది, తర్వాత బోస్టన్ వాళ్లే పిలిచినా ఊళ్లోనే ఉండిపోతుంది. అలాస్కా అన్నది యూటాలో తీసిన అలాస్కా. అది తెలిసీ చూశారు.

ముగింపు ముందే తెలియడం తప్పెలా అవుతుంది? సత్యనారాయణ వ్రతకథలో ప్రసాదం తినకుండా పరుగెత్తిన కళావతి భర్త పడవ మునుగుతుందనీ, మళ్లీ తేలుతుందనీ మనింట్లో ఆరేళ్ల పిల్లకీ తెలుసు. అయినా అయిదో అధ్యాయం దాకా కూర్చుంటాం. ‘ఇది తెలిసిన కథే కదండీ’ అని పురోహితుడితో ఎవరూ పేచీ పెట్టుకోరు. పండగ కథ పని వార్త చెప్పడం కాదు, ఏటా ఒకసారి వచ్చి ధైర్యం చెప్పి పోవడం. ఈ చిన్న సంగతి సినిమా అమ్ముకునేవాళ్లకే తెలియలేదు. 2017 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తన ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’ను 53 మంది 18 రోజులపాటు రోజూ చూశారని బయటపెట్టి, మీ మనసు ఎవరు విరిచారర్రా అని వాళ్లను ఆటపట్టించింది. చూసిన పాపానికి ప్రేక్షకుల్ని వెక్కిరించే వ్యాపారం నేనెక్కడా వినలేదు. ఆ 53 మంది ఎవరో, ఏ బాధలో ఉన్నారో నాకు తెలియదు. కానీ ఒక పండగ కథను ఒక మనిషి రోజూ చూస్తున్నాడంటే, ఇంటికి వెళ్లే వీలు లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చని సూరత్‌లో ఉండే ఏ తెలుగువాడికైనా ఠక్కున తడుతుంది.

నా ఫిర్యాదు అక్కడే ఉంది. ఈ సినిమాల్లో హీరోయిన్‌కి సెలవెవరిచ్చారు? ముగింపు ఊహించగలిగారు సరే, మొదలు ఎలా నమ్మారు? ‘ఈసారి పండక్కి ఇంటికెళ్తున్నా’ అంటుంది, తర్వాతి షాటులో ఇంటి గుమ్మంలో ఉంటుంది. యజమాని ముఖం చిట్లించడు. టికెట్టు ఉందా లేదా అన్న మాటే రాదు. పైగా ఆఖర్న ఉద్యోగం వదిలేస్తుంది. నెల అద్దె, అప్పు, బడి ఫీజు ఏ ఒక్క లెక్కా వెయ్యదు. సూరత్‌లో సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చి సాంచాల (మరమగ్గాల) మీద బతికే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడి కూడా నడుపుతుందంటే ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. సాంచా దగ్గర కూలి మీటర్ల లెక్కన వస్తుంది. గుడ్డ దిగని రోజున డబ్బు లేదు. కాబట్టి సెలవంటే సేఠ్ ఇచ్చేది మాత్రమే కాదు, కార్మికుడు తన జేబులోంచి కట్టుకునేది కూడా. ఆ మాట ఒక్క పండగ సినిమా చెప్పదు.

పోనీ సెలవులే లేవా అంటే, ఉన్నాయి. కానీ ఊరు ఇచ్చే సెలవు ఒకటి, మనకు కావలసింది మరొకటి. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు ఇల్లు గుర్తొచ్చేది బతుకమ్మకి, దసరాకి. సూరత్ బజారు మూతపడేది దీపావళికి. ఆ తర్వాత అయిదో రోజు లాభ్ పాంచమ్ దాటితే గానీ తాళాలు తీయరు, కార్ఖానాలైతే ఇంకా ఆలస్యం. సెలవు చేతికొచ్చేసరికి సద్దుల బతుకమ్మ చెరువులో కలిసి వారాలవుతుంది. ఎంగిలిపూల మర్నాటి నుంచే ఇక్కడ గర్బా పాటలు మారుమోగుతుంటాయి, ఆ హోరులోనే మన ఆడవాళ్లు గల్లీలో బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టుకుంటారు. సంక్రాంతి సంగతి సరేసరి. జనవరి 14న ఇక్కడ ఉత్తరాయణ్. ఊరంతా గాలిపటాలతో మేడల మీదే ఉంటుంది, ఇంట్లో ఉంధియు, జిలేబీ. ఒప్పుకోవాలి, ఉంధియు ముందు మన కలగూర కొంచెం చిన్నబోతుంది, మాంజా పట్టడంలో సూరతీలకు సాటి లేరు. అయినా మా గంగిరెద్దు వీళ్లకుందా అని ఒకసారి మనసులో అనుకుంటే గానీ తృప్తి ఉండదు.

దారి ఇంకో కథ. అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగా వరంగల్, విజయవాడ చేరుతుంది. మన ఆశలన్నీ దాని స్లీపరు బోగీల మీదే. 2024 నవంబరు నుంచి రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. మంచిదే. కానీ రెండు నెలల ముందు సెలవు ఖాయం చేసే సేఠ్ ఉండాలి కదా! లేకపోతే ముందురోజు పదకొండింటికి స్లీపర్ తత్కాల్, తర్వాత వెయిటింగ్ లిస్టు, ఆ పైన జనరల్ బోగీ. 2023 నవంబరు 11న, దీపావళి ముందురోజు, సూరత్ స్టేషన్లో బీహార్ రైలెక్కబోయిన జనం తోపులాటలో ఒక మనిషి ప్రాణం పోయింది, కొందరు స్పృహ తప్పి పడిపోయారు. పండక్కి ఇంటికి వెళ్లడమంటే ఈ ఊళ్లో ఇది. ఒక్క షాటులో గుమ్మం ముందు దిగే హీరోయిన్ని చూసి కాఫీ కప్పు ఖాళీగా ఉందని నవ్వేవాళ్లకు ఇంకా పెద్ద ఖాళీ కనబడకపోవడమే నాకు వింత.

అది కలల సినిమా, రైలు టైంటేబులు కాదు, టికెట్టు అడుగుతారేమిటి అని ఒకరంటారు. ప్రేమ విషయంలో కల కననివ్వండి, ఎవరొద్దన్నారు? కానీ ఇంటికి చేరడమే కథ అని చెప్పుకుని దారిని మింగేస్తే, ఇంటికి రానివాడికి మనసు లేదన్న అర్థం వస్తుంది. మన ‘శతమానం భవతి’ (2017) చూడండి. ఆత్రేయపురం రాజుగారు విదేశాల్లోని పిల్లల్ని సంక్రాంతికి రప్పించడానికి విడాకుల ఎత్తు వేస్తాడు. హాయిగా చూడదగ్గ సినిమా, జాతీయ పురస్కారం కూడా వచ్చింది. కానీ అందులోనూ పిల్లలు రాకపోవడం మనసు తప్పే. 2025 నాటి ‘సంక్రాంతికి వస్తున్నాం’ పేరులోనే రాక ఉంది, కథ మాత్రం కిడ్నాపు చుట్టూ తిరుగుతుంది. ఆ సినిమా జీ తెలుగులోకి వచ్చింది మార్చి 1న. పండగ దాటాక అందడంలో మాత్రం సూరత్ వాళ్లకు అచ్చంగా సరిపోయింది. న్యాయంగా ఒక మాట: హాల్‌మార్క్ కథల్లో నడిపించేది ఆడపిల్ల, ఆమెకో వృత్తి ఉంటుంది, పది లారీలు గాల్లోకి లేవవు. ఆ పాటి మర్యాద మన పండగ సినిమా నేర్చుకోవచ్చు.

క్రిస్మస్ మన పండగా, మీకెందుకీ గొడవ అని మరొకరు అడగొచ్చు. 1924 డిసెంబరు 25న ఆరాధనకు తెరుచుకున్న మెదక్ చర్చి కరువు కాలంలో కూలి జనం చేతుల మీద లేచింది; ఏటా ఆ రోజున అక్కడికి చేరే జనాన్ని చూసినవారెవరూ ఆ ప్రశ్న అడగరు. మన క్రిస్మస్‌లో వెదురు కర్రకు కట్టిన నక్షత్రం ఉంది, చర్చి ఉంది. ఆ టీవీ క్రిస్మస్‌లో చర్చి కనిపించడమే అరుదు. శ్రమని తీసేసినట్టే ప్రార్థననీ తీసేసి అలంకారం మిగిల్చారు. మన తెలుగు సినిమా ‘బలగం’ (2023) అలా తీసెయ్యలేదు కనకే ఊళ్లల్లో తెర కట్టుకుని మరీ చూశారు. నల్లిబొక్క దగ్గర మొదలైన పగ ఎలా తీరుతుందో ముందే తెలుసు, అయినా ఏడ్చారు. ఆ ఇంట్లోవాళ్లంతా ఒకచోట చేరింది చావుకి. సూరత్‌లో అందరికీ తెలిసిన లెక్క అది: పండక్కి దొరకని సెలవు చావుకి దొరుకుతుంది.

కాబట్టి తెలుగు ఛానళ్లవారికి ఒక విన్నపం. ప్రతి పండక్కీ స్టూడియోలో గడ్డివాము పెట్టి, పట్టుచీరల యాంకర్లతో భోగిపళ్లు పోయించే ఖర్చులో రెండు గంటల టీవీ సినిమా తీయొచ్చు. ప్రేమకథే తీయండి. ముగింపు మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోనివ్వండి, నేనైతే నోరెత్తను. మొదటి సీను మాత్రం సేఠ్ గదిలో సెలవు అడగడంతో మొదలుపెట్టండి, రెండోది స్టేషన్లో తీయండి. పిల్ల ఇల్లు చేరాక ఎవర్ని పెళ్లాడినా మాకు అభ్యంతరం లేదు.